బ్రేకేజీ

భువనేశ్వర్ డిపో మాకు మూడే ఇచ్చింది.
అడిగింది పన్నెండు.
మిగతావి కటక్ మింగిందో, పూరీ హోటళ్లు మింగాయో,
ఇండెంటు మీద పన్నెండు కొట్టేసి
ఎర్రసిరాతో మూడు వేశారు.

ఒక్కోటి పద్నాలుగు వేల ఎనిమిది వందలు.
నా జీతం దానికి రెండు వందలు తక్కువ.
బిషోయి బాబు భుజం మీది తుండుతో సీసాలు తుడిచి
అగరొత్తి తిప్పి
లక్ష్మీదేవి పటం కింద పెట్టాడు.
"ఇటలీవి రా. పడుకోబెట్టాలట.
నిలబెడితే అలుగుతాయట."

పేరు పలకడం ఎవరికీ రాలేదు.
బీరు లారీ డ్రైవరు చీటీ చదివి 'బరువులో' అన్నాడు.
కొట్లో అదే ఖాయమైపోయింది.

బరంపురంలో కబురు బిల్లుకంటే ముందు నడుస్తుంది.
పళ్ల డాక్టరు పాణిగ్రాహి నెల ముందే అడ్వాన్సు కట్టాడు.
ఓడల్లో ఇంజనీరుగా చేసి దిగిపోయిన గొర్లె మాధవులు
గోపాల్‌పూర్ నుంచి రోజుకో ఫోను:
"జెనోవా రేవులో తాగాను తమ్ముడూ,
ధర అడగలేదు, ఇంకోడు ఇప్పించాడు."
మూడోది ఎవరిదో తేలలేదు.
నగల కొట్టు ఆచారి పదిహేడంటాడు.
ఎమ్మార్పీ దాటితే అబ్కారీ వాళ్లు వస్తారని బాబుకి భయం,
భయం మీద పావలా ఎత్తు ఆశ.

తేల్చింది మే నెల.
కరెంటు నాలుగు గంటలు పోయింది.
రేకుల కింద సరుకు ఉడికింది.
మూడోదాని బిరడా వేలెడు పైకి లేచి
సీసా తనంత తనే కారింది,
నా స్టాకు రిజిస్టరు మీదికి,
మే దాటి ఏప్రిల్ పేజీల్లోకి.

బాబు ముందు ఒడియాలో తిట్టాడు,
చాలక తెలుగులో తిట్టాడు.
డాక్టరు పరుగున వచ్చి
మిగిలినదాన్లో రెండు గుక్కలు ప్లాస్టిక్ గ్లాసులో తిప్పి
కళ్లు మూసుకున్నాడు.
"ఎండు గులాబీలు. తారు."
తారా? రోడ్డు తారేనా?
"అదే. కానీ ఇంకా పసిది. నాలుక పట్టేస్తోంది.
నాది పదేళ్లదాకా తియ్యను."
ఆయనకి అరవై ఎనిమిది.

అడుగున ఉన్నది నీళ్ల బాటిల్లో పోసుకుని
దేవాంగుల వీధికి తెచ్చాను.
మా నాన్న మందు ముట్టడు.
నలభై ఏళ్లు పట్టుకి రంగులేసిన చేతులు,
గోళ్ల మొదళ్లలో ఇప్పటికీ లక్క.
స్టీలు గిన్నెలో పోస్తే
తాగేది అనుకోలేదు.
వెలుగుకి వంచి చూశాడు.
"పల్చన. ఒక్క ముంపే వేశారు.
అంచు చూడు, అప్పుడే ఇటికరంగు తిరుగుతోంది."
వేలు ముంచి నాలిక్కి రాసుకుని
మొహం ముడిచాడు.
"కరక్కాయ ఎక్కువైందిరా.
ఆరాలి. తొందరపడి దించేశారు."

డాక్టరు మాట చెప్పలేదు నేను.
ధర మాత్రం చెప్పాను.
నమ్మలేదు. మళ్లీ అడిగాడు.
ఆ డబ్బుకి ఒకప్పుడు
పెళ్లిచీరలు ఎన్ని దిగేవో లెక్క మొదలుపెట్టి
ఆరు దగ్గర ఆపేశాడు.
తర్వాత మగ్గం కింద వెతికి
తెల్లటి పట్టుపోగు ఒకటి గిన్నెలో వేసి
మూత పెట్టి పడుకున్నాడు.

నేను చప్పుడు కాకుండా మూత తీసి
ఒక గుక్క తాగాను.
పుల్లగా, నేరేడు తొక్కలా,
ఆ తర్వాత ఏదో ఉంది.
దానికి నా దగ్గర మాట లేదు,
ఉన్నంతసేపు నిద్ర రాలేదు.

పొద్దున్న పోగు తీసి పిండాడు.
వంకాయకీ బూడిదకీ మధ్య ఏదో.
"నిలిచే రంగు కాదు" అని నా చేతిలో పెట్టి
పళ్లు తోముకోడానికి వెళ్లాడు.

రిజిస్టరులో రాశాను:
వచ్చినవి మూడు. అమ్మినవి రెండు. బ్రేకేజీ ఒకటి.
తడిసిన పేజీలు ఒకదానికొకటి అంటుకుంటే
మధ్యన ఆ పోగు పెట్టాను.

పైయేడు రెండే ఇస్తారట.
మాధవులు అప్పుడే ఫోను చేశాడు.